చాందమారీ దిబ్బలో దొరకిన సీసపు గుండు

ఉత్తర హిందూస్థానమున కంటోన్మెంటు గల ఊళ్లలో 'చాందమారీ' యను పేటయో, రోడ్డో, బయలో తరచుగా కానవచ్చును. చాంద్ అనగా చంద్రుడు. మార్నా యనగా కొట్టుట. గురిపలక నడిమి గుండ్రని గుర్తును చంద్రునిగా నెంచి, దానిని కొట్టు తావునకు సిపాయిలు పెట్టుకొన్న పేరిది. పేరులో కవిత్వమున్నది గాని పని కఠినమైనది. ఒక చివర నూరేసి గజముల దూరమున కొక్కొక్క కాల్పుగట్టు. రెండవ చివర గురిపలకలు. వాని వెనుక ఎత్తైన మట్టిదిబ్బ. పలకను దూసికొని పోయిన గుండ్లును, పలకకు తగులక పోయిన గుండ్లును ఆ దిబ్బ కడుపులోనే చేరవలెను. తరువాత దండులు మారినవి, ఊళ్లు పెరిగినవి, చాందమారీలు పెక్కు మూతపడినవి. దిబ్బలు మాత్రము కొన్ని మిగిలినవి. వానకాలమున మట్టి జారినప్పుడు వానినుండి సీసపు ముక్కలు బయటపడుచుండును. పిల్లలు వానిని గోలీలవలె ఏరి తెచ్చుకొందురు.

అట్లు దొరకిన ప్రతి గుండునకును జనులు పెట్టు పేరొక్కటే: "ఇది 1857 నాటిది." ఢిల్లీ, మీరటు, అంబాలా ప్రాంతములలో నీ మాట మరింత సులభముగా నోటికి వచ్చును. స్వాతంత్ర్య సమరమునకు సంబంధించిన వస్తువు మన చేత నున్నదనుకొనుట ఎవరికి ప్రియము గాదు? అయితే గుండునకు తనదైన సాక్ష్యమొకటి కలదు. దానిని అడుగు పద్ధతి తెలిసినచో, అది తాను పుట్టిన కాలమును, తనను విడిచిన తుపాకిని, ఒక్కొక్కప్పుడు ఆ తుపాకిని పట్టినవాడు ఏ జాతివాడన్నదియు చెప్పును. ఈ చివరి సంగతి వినుటకు వింతగా నుండవచ్చును. ముందు ముందు విశదమగును.

సీసము ఇనుమువలె తుప్పుపట్టి చివికిపోవు లోహము గాదు. మట్టిలో నున్నకొలది దాని పైన తెల్లనిదో బూడిదరంగుదో యొక పొర కట్టును. ఆ పొరయే లోపలి లోహమును కాపాడును. పిల్లలు మొట్టమొదట చేయు పని దానిని ఇసుకతో తోమి తళతళలాడించుట. తోమిన గుండు గ్రుడ్డిదైన సాక్షి. దాని ఒంటిమీది గీతలన్నియు పొరతోబాటు పోవును. మెత్తని బ్రష్షుతో మట్టి దులిపి, నీటితో కడిగి, నీడన ఆరబెట్టిన చాలును. సీసము విషము గనుక పిదప చేతులు కడుగుకొనుట మరువరాదు.

ఉద్యోగధర్మముగా ఇచ్చట రెండు మాటలు చెప్పక తప్పదు. పేలిన గుండు వేరు, పేలని తూటా వేరు. మందుతో నిండియున్న తూటా యెంత పాతదైనను ప్రమాదకరమే. లైసెన్సు లేక దగ్గర నుంచుకొనుట 1959 నాటి ఆయుధముల చట్టమును అతిక్రమించుటయు అగును. అట్టిది కనబడినచో ముట్టక పోలీసువారికి తెలుపవలెను. భూమిలో దాగియుండి దొరకిన వస్తువు పది రూపాయలకు మించిన వెలగలదైనచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. ఒక సీసపు ముక్కకు ఆ వెల యుండదనుడు. కాని చట్టము తెలిసియుండుట మంచిదే. ఇప్పటికిని వాడుకలో నున్న చాందమారీల సంగతి చెప్పనే యక్కరలేదు. అచ్చట అడుగుపెట్టుటయే నేరము, ప్రాణాపాయము.

గుండును పరీక్షించుటకు పెద్ద ప్రయోగశాల అవసరము లేదు. కంసాలి త్రాసు, వెర్నియర్ కాలిపర్, ఒక భూతద్దము చాలును. త్రాసు విషయములో మన పూర్వుల తూకము మనకు మిక్కిలి సాయపడును. ఇంగ్లీషువారు గుండ్లను గ్రెయిన్లలో తూచిరి. మన తులము వారి లెక్కలో సరిగా 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు. నాటి వెండి రూపాయి తూకమును అంతే. కనుక పాత రూపాయలు కొన్ని యింట నున్నవారు ఎన్‌ఫీల్డు గుండును తూకపురాళ్లు లేకుండనే గుర్తింపవచ్చును. అది 530 గ్రెయిన్లు. అనగా మూడు రూపాయలకు రవంత తక్కువ తూగును. ఈ యెన్‌ఫీల్డు గుండే 1857 నాటి కథానాయకుడు. కాని అతని కథకు ముందు అతని పెద్దన్నను పలుకరింపవలెను.

ఆ పెద్దన్న గుండ్రని సీసపు గోళము. కుంపిణీ సిపాయి భుజముననున్న మస్కెట్టు గొట్టము లోపల నున్నగా నుండెడిది. దాని వ్యాసము ముప్పాతిక అంగుళము. అందులో వేయు గోళము వ్యాసము సుమారు .69 అంగుళము, అనగా పదిహేడున్నర మిల్లీమీటర్లు. తూకము ఇంచుమించు 32 గ్రాములు. గొట్టమునకును గోళమునకును నడుమ నింత సందు ఏల విడిచిరి? నల్లమందు కాలి గొట్టమంతయు మసి పట్టును. పది పదిహేను మారులు కాల్చినపిదప గూడ గుండు సులభముగా లోపలికి దిగవలెను గదా. సందున్న కారణమున గుండు గొట్టములో అటునిటు కొట్టుకొనుచు వచ్చి, కడపట ఏ ప్రక్కను తాకిన ఆ ప్రక్కకు వ్యతిరేకముగా పోయెడిది. నూరు గజములు దాటినచో గురి దైవాధీనము. ఇట్టి గుండును గుర్తించుట సులభము: గుండ్రన, పెద్దది, ఒంటిమీద గాడుల గుర్తులుండవు. నడుమ మొలత్రాడు కట్టినట్లు వెలికి వచ్చిన పట్టీ గల గోళము దొరకినచో అది బ్రన్స్విక్ అను రైఫిలుది. రెండే గాడులున్న ఆ గొట్టములో దిగుటకే ఆ మొలత్రాడు. అది అరుదు, దొరకినవాడు అదృష్టవంతుడు.

గొట్టములోపల మెలికలుగా గాడులు తీసినచో గుండు బొంగరమువలె తిరుగుచు తిన్నగా పోవునని పూర్వమునుండియు తెలిసినదే. చిక్కంతయు గుండును లోపలికి దింపుటలో నున్నది. గాడులను గట్టిగా పట్టుకొను గుండును పైనుండి సుత్తితో కొట్టి దింపవలెను. యుద్ధములో నంత తీరిక యెక్కడిది? ఈ ముడిని 1840వ దశకమున ఫ్రెంచివారు విప్పిరి. మినియే అను సేనాని పేరిట ప్రసిద్ధమైన యుపాయము చూచుటకు మిక్కిలి సామాన్యము. గుండును గోళముగా గాక కోసుగా పోసి, అడుగున గుంట చేసిరి. గొట్టముకంటె గుండు సన్నము గనుక జారి దిగును. మందు పేలినప్పుడు వాయువు ఆ గుంటలో జొరబడి సీసపు అంచులను వెడల్పు చేయును. అప్పుడది గాడులను పట్టుకొనును. దిగునప్పుడు సన్నము, వచ్చునప్పుడు లావు! ఇంగ్లీషువారు ఈ సూత్రమునే తీసికొని 1853 మాదిరి ఎన్‌ఫీల్డు రైఫిలు చేసిరి. గొట్టము .577 అంగుళము, మూడు గాడులు, 78 అంగుళములకు ఒక చుట్టు. ప్రిచెట్ అను తుపాకుల పనివాని పేరిట నడచిన గుండు మొదట .568 అంగుళము, తరువాత గుండును మరింత సన్నము చేసి అడుగు గుంటలో చిన్న కొయ్యబిరడా పెట్టిరి. దిబ్బలో దొరకిన గుండు అడుగున లోతైన గుంటయు, ప్రక్కలను వెడల్పైన మూడు చదును గుర్తులును, మూడు తులములకు కొంచెము తక్కువ తూకమును ఉన్నచో అది ఎన్‌ఫీల్డుదని చెప్పవచ్చును.

ఈ గుండు గొట్టములో జారవలెనన్న దానికి జిడ్డు కావలెను. నాటి తూటా కాగితపు పొట్లము. ఒక వైపున మందు, రెండవ వైపున గుండు. గుండున్న వైపు కాగితమునకే కొవ్వును మైనమును కలిపి పూయుదురు. సిపాయి కాగితపు కొసను పంటితో కొరికి, మందును గొట్టములో పోసి, గుండున్న కొసను కాగితముతోనే లోపలికి దింపి, మిగిలిన కాగితమును చింపివేయవలెను. కొవ్వు ఏ జంతువుదన్న ప్రశ్నను కలకత్తా ఆయుధశాలకు కొవ్వు తెప్పించిన అధికారులు వేసికొనలేదు. సిపాయి వేసికొనెను. 1857 జనవరిలో దమ్‌దమ్ లోని తుపాకి శిక్షణశాలలో, నీళ్లచెంబు తాకనీయని బ్రాహ్మణ సిపాయితో తక్కువకులపు ఖలాసీ యొకడు ఆవు పంది కొవ్వుల తూటాలు కొరుకబోవు నీకు కులమెక్కడిదని పరిహాసమాడెనను వార్త అధికారులకు చేరినది. దమ్‌దమ్, అంబాలా, సియాల్‌కోట్ — ఈ మూడు చోట్లను క్రొత్త రైఫిలు నేర్పు శాలలు పెట్టి, వేర్వేరు దండులనుండి కొందరేసి సిపాయిలను రప్పించిరి. కావుననే వదంతి ఒక్క దండులో నిలువక ఉత్తరదేశమంతట ప్రాకినది. ప్రభుత్వము త్వరపడి దిద్దుబాటు చేసెను. సిపాయిలు తమకు నచ్చిన నూనెను మైనమును తామే పూసికొనవచ్చునని, కొరుకుటకు బదులు చేతితో చింపవచ్చునని ఉత్తరువులు వెలువడెను. మన సెక్రటేరియటు అనుభవము గలవారికి ఈ ఘట్టము బాగుగా నర్థమగును. అనుమానము పుట్టినపిదప వచ్చిన సవరణ ఉత్తరువు ఆ అనుమానమునకే దస్తావేజుగా చదువబడును. ముందు చేతితో చింపుమననివారు ఇప్పుడేల చింపుమనుచున్నారని సిపాయి యడిగెను.

దీనికి పూర్వమే, 1806 జూలై 10న, మన దక్షిణమున వేలూరులో తలపాగా మార్పు విషయమున ఇట్టి నిర్లక్ష్యమే నెత్తురు కాలువలు పారించినది. యాభై యేండ్లలో నేర్చుకొన్నదేమియు లేదనవలెను.

మరి చాందమారీ దిబ్బలోని ఎన్‌ఫీల్డు గుండును చూచి "దీనికే ఆవుకొవ్వు పూసిరి" అనవచ్చునా? అనరాదు. కొవ్వు కాగితమునకేగాని గుండునకు కాదు. కాగితము ఏనాడో పోయినది. అంతకన్న గొప్ప చిక్కొకటి యున్నది. ఆ తిరుగుబాటునకు దారితీసిన ప్రసిద్ధ ఘట్టములలో సిపాయిలు నిరాకరించినవి ఎన్‌ఫీల్డు తూటాలే కావు. ఫిబ్రవరి 26న బరంపురమున 19వ దండు కాదన్నవి పాత మస్కెట్టు తూటాలు. కాగితము రంగు మారినదని వారికి శంక. ఏప్రిల్ 24న మీరటు కవాతు మైదానమున 90 మంది ఆశ్వికులలో 85 మంది ముట్టనన్నవి పాత కార్బైను తూటాలు. మే 9న వారి కాళ్లకు సంకెలలు వేసిరి. మే 10న మీరటు మండినది. 11న తిరుగుబాటుదారులు ఢిల్లీ చేరిరి. ఢిల్లీ కోట చుట్టును నాటి యుద్ధములో సిపాయిలు కాల్చినవి చాలవరకు నున్నగొట్టపు గుండ్రని గోళములు. రిడ్జి గుట్టమీదనుండి తెల్లదండులు కాల్చినవి కోసుగుండ్లు. 1857 నాటి రణరంగమున దొరకిన కోసుగుండును అమరవీరుల స్మృతిచిహ్నమని పూజించువారు, అది వారిని చంపిన గుండై యుండునన్నది గ్రహింపవలెను. గుండు కాల్చినవాని జాతి చెప్పునని మొదట నేనన్నది ఇందుకే.

ఆ జూలైలో ఫతేపూరు వద్ద నానాసాహెబు పక్షపు సేనను వెనుకకు త్రోసినదియు ఎన్‌ఫీల్డు దూరపు గురియే. ఆ రైఫిళ్లు పట్టినవారిలో మదరాసు ఫ్యూజిలియర్లు ముఖ్యులు. పేరు చూచి మనవారనుకొనరాదు. మదరాసు జీతము తిన్న తెల్లవారు వారు. మన హైదరాబాదులో జూలై 17న తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రెసిడెన్సీమీద జరిగిన దాడి కూడ ఒక్క రాత్రిలో అణగిపోయినది.

తిరుగుబాటు అణగిన తరువాత దొరతనమువారు తీసికొన్న జాగ్రత్త గుండ్లమీదనే వ్రాయబడియున్నది. సిపాయికి ఎన్‌ఫీల్డు ఇచ్చిరి. కాని గాడులు లేని ఎన్‌ఫీల్డు! చూపునకు అదే తుపాకి, లోపల గొట్టము.656 అంగుళములకు పెద్దదిగా తొలిచి నున్నగా చేసిన 1858, 1859 మాదిరులు. తెల్లవాడు వందల గజముల దూరము గురి చూడగా, సిపాయి మరల నూరు గజముల వాడాయెను. కనుక 1860 నాటి చాందమారీలో గాడుల గుర్తుగల గుండ్లొక గట్టుకు, గాడులు లేని గుండ్లొక గట్టుకు ఎదురుగా దొరకినను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆపైని ముప్పదియేండ్ల చరిత్రలో ఒక్కటే సూత్రము: సిపాయి ఎల్లప్పుడును ఒక మెట్టు క్రింద. 1866లో ఎన్‌ఫీల్డు గొట్టమునకే వెనుకనుండి తూటా పెట్టు ఏర్పాటు చేసి స్నైడరు అనిరి. దాని గుండు 480 గ్రెయిన్లు. ముక్కులో కొయ్యతో నింపిన బోలు, అడుగున మట్టిబిరడా, ప్రక్కలను చుట్టుగీతలు. 1871లో మార్టినీ-హెన్రీ వచ్చినది. తెల్లదండులకు మార్టినీ చేరినపిదప మనవారికి స్నైడరు. తెల్లదండులు లీ-మెట్‌ఫర్డు అందుకొనునప్పటికి మనవారికి మార్టినీ. మార్టినీ గుండు తూకము గూడ 480 గ్రెయిన్లే. ఇక్కడ త్రాసును మాత్రమే నమ్మినవాడు చెడును. పాత మస్కెట్టు గోళము, స్నైడరు గుండు, మార్టినీ గుండు — మూడును 31, 32 గ్రాముల మధ్యనే తూగును. ఆకారము, వ్యాసము చూడనిదే తేలదు. మార్టినీ గుండు .45 అంగుళము, అనగా పదకొండున్నర మిల్లీమీటర్ల సన్నని పొడవైన స్తంభము, ముక్కు గుండ్రన, అడుగున లోతు తక్కువైన గుంట. పండ్రెండు పాళ్లు సీసమునకు ఒక పాలు తగరము కలిపినందున గట్టిది. గొట్టములో ఏడు పలకలు గల హెన్రీ గాడి. గుండునకు కాగితము చుట్టి కాల్చుటచే గుర్తులు ఎన్‌ఫీల్డువానివలె లోతుగా పడవు. భూతద్దముక్రింద ఏడు పలకలుగా లీలగా కనబడును.

ఇంతవరకు పుస్తకజ్ఞానము. దీనితో పని పడినది గత సంవత్సరము మన సంఘపు వార్షికోత్సవమునకు చిన్న ప్రదర్శనము పెట్టదలచినప్పుడు. మన మిత్రులొకరి కుమారుడు వేసవి సెలవులలో ఉత్తరదేశమునందలి ఒక పాత కంటోన్మెంటు ఊరికి పోయి, మూతపడిన చాందమారీ దిబ్బ క్రింద ఏరిన గుండ్లను బిస్కట్ల డబ్బాలో తెచ్చెను. వానిలో సీసపుది ఒక్కటి, తక్కినవి రాగిరంగువి. ఆ సీసపు గుండునకు "1857 స్వాతంత్ర్య సమర స్మృతి" అని చీటీ అప్పటికే వ్రాసి యుంచిరి. అదృష్టవశమున ఎవరును దానిని తోమలేదు. మా కాలనీలోని కంసాలి త్రాసున 31 గ్రాములు తూగినది. వ్యాసము పదకొండున్నర మిల్లీమీటర్లకు లోపు. ముక్కు దిబ్బలోని రాతికి తగిలి ఒక ప్రక్కకు వంగినది గాని అడుగు చెక్కుచెదరలేదు. భూతద్దమున ఏడు పలకలు కనబడినవి. 1871కి ముందు ఆ గుండు పుట్టుటకు వీలులేదు.

చీటీ మార్చవలెనన్నప్పుడు పిల్లవానికన్న ఎక్కువగా నొచ్చుకొన్నవారు అతని మాతామహులు. వారు విజయనగరము ప్రాంతమువారు. వారి ముత్తాత మదరాసు పదాతిదళమున నాయకుగా పనిచేసి పింఛను తీసికొన్నాడని వారింట తరతరములుగా చెప్పుకొందురు. గుండును అరచేత నుంచుకొని, "అయితే బాబూ, ఇది తిరుగుబాటుది కాదంటారు. పోనీ, మా ముత్తాతగారు కాల్చిన రకమైనా అవునా, కాదా? అదైనా చెప్పండి" అని యడిగిరి.

ఆ ప్రశ్న నన్ను కొన్నిదినములు విడువలేదు. ఉత్తర సర్కారుల తెలుగువారు మదరాసు సైన్యమున మొదటినుండియు ఉన్నవారు. బర్మా యుద్ధములకు సముద్రము దాటి పోయినవారు. 1881 నుండి 1885 వరకు మదరాసు సేనాధిపతిగా నుండిన రాబర్ట్సు దొరకు దక్షిణాది సిపాయిమీద గౌరవము లేదు. దీర్ఘశాంతివలన వీరిలో యుద్ధగుణము చచ్చినదని అతని తీర్పు. 1897లో ప్రకటించిన తన ఆత్మకథలోను దానిని దాచలేదు. అతడు హిందూదేశమంతటికి సేనాధిపతియైన పిదప ఆ తీర్పు విధానముగా మారినది. మదరాసు దండులు తగ్గినవి. ఉన్న దండులలో ఉత్తరాది జాతులను నింపిరి. 1895లో రాజధానుల వారీగా నున్న మూడు సైన్యములను రద్దుచేసిరి. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి తెలుగువానికి సిపాయి కొలువు దాదాపు మూతపడినది. మార్టినీ సిపాయి చేతికి పూర్తిగా వచ్చిన కాలమును, తెలుగు సిపాయి తుపాకి దింపవలసివచ్చిన కాలమును ఇంచుమించు ఒక్కటే. రెండవ ప్రపంచయుద్ధకాలమున మదరాసు రెజిమెంటు మరల తలయెత్తువరకు, ఆ యర్ధశతాబ్దిలో మనవారికి చాందమారీలతో పని తక్కువ. అందుచేత వృద్ధులకు నేను చెప్పగలిగిన దింతే: వారి ముత్తాతగారు ఎక్కువ కాలము కాల్చినది స్నైడరై యుండును, పింఛను పుచ్చుకొనుటకు ముందు మార్టినీ చేతికి వచ్చియుండవచ్చును, ఈ గుండు మాత్రము వారిది కాదు, ఉత్తరదేశపు దిబ్బలో మదరాసు దండు గుండు దొరకుటకు సందర్భము లేదు. వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "స్నైడరు గుండెలా ఉంటుందో బొమ్మ గీసి ఇవ్వండి బాబూ" అన్నారు. గీసి యిచ్చితిని. చీటీమీద "మార్టినీ-హెన్రీ గుండు, 1871 తరువాతిది" అని వ్రాసితిమి. ప్రదర్శనమున దాని యెదుట నిలిచినవారి సంఖ్య తక్కువయే యని ఒప్పుకొనవలెను.

డబ్బాలోని రాగిరంగు గుండ్లు .303 రైఫిలువి. 1888లో లీ-మెట్‌ఫర్డుతో వచ్చిన ఈ సన్నగుండు సీసముమీద రాగి-నికెలు తొడుగు గలది; తూకము 215 గ్రెయిన్లు, ముక్కు గుండ్రన. పొగలేని కార్డైటు మందు వేగమునకు వట్టి సీసము గాడులలో నిలువదు, అందుకే తొడుగు. 1910లో ఏడవ మార్కు గుండు వచ్చినది: కోసుముక్కు, 174 గ్రెయిన్లు, ముక్కులోపల సీసమునకు బదులు అల్యూమినియము, యుద్ధదినములలో కొయ్యపీచు వంటి తేలిక పదార్థము. కాబట్టి కోసుముక్కు గుండు 1910కి పూర్వపుది కాజాలదు. గుండ్రముక్కు గుండు మాత్రము 1910తో ఆగిపోలేదు. 1914లో ఫ్రాన్సునకు పోయిన మన సిపాయిలకు మార్సేల్సు రేవులో దిగినపిదపనే క్రొత్త గుండ్లకు తగిన రైఫిళ్లిచ్చిరి. ఇక్కడను ఒక మెట్టు క్రిందనే!

ఈ తొడుగు గుండులనుగూర్చి ఒక పెద్ద రచ్చ మనదేశమునుండియే లోకమున కెక్కినది. 1895 చిత్రాల్ దండయాత్రలో క్రొత్త సన్నగుండు తగిలినవాడు పడక ముందుకే వచ్చుచున్నాడని అధికారులు మొరపెట్టిరి. దమ్‌దమ్ ఆయుధశాలలో కెప్టెన్ బర్టీ-క్లే అనునతడు ముక్కుకొసన తొడుగు తీసివేసి సీసమును కొంచెము బయట విడిచెను. తగిలినంతనే ఆ గుండు పువ్వువలె విచ్చుకొని ఘోరమైన గాయము చేయును. 1897లో సరిహద్దు కొండజాతులమీద దానిని వాడిరి. 1899 జూలైలో హేగు నగరపు సభలో విచ్చుకొను గుండ్లను నిషేధింపవలెనని రాజ్యములు తీర్మానించినప్పుడు బ్రిటిషువారు ఒప్పుకొనలేదు; 1907లో గాని చేరలేదు. ఆ విధముగా మన వంగదేశపు పల్లె పేరు లోకభాషలన్నిటిలో క్రూరతకు మారుపేరాయెను. అసలు దమ్‌దమ్ అన్న మాటకు మూలమైన 'దమ్‌దమా' అనగా ఎత్తైన మట్టిదిబ్బ. బెంగాలు ఫిరంగిదళము అచ్చట చిరకాలము గురి నేర్చుకొన్నది. అదియు ఒక చాందమారీయే. పిల్లవాడు తెచ్చినవానిలో ముక్కు విచ్చుకొన్న గుండ్లు రెండున్నవి. వానిని దమ్‌దమ్ గుండ్లనుటకు వీలులేదు; రాతికి తగిలిన తొడుగుగుండు ఏదైనను అట్లే చీలును. తొడుగుకొస నిజముగా కోసినదా, తగిలి చినిగినదా అన్నది అంచు చూచి తేల్చుకొనవలెను.

కొందరు దిబ్బలో దొరకిన గుండును, గట్టుమీద దొరకిన ఇత్తడి గొట్టమును జతచేసి, గొట్టము అడుగునున్న సంవత్సరమును గుండునకు అంటగట్టుదురు. 1869లో పూనా దగ్గర కిర్కీలో నెలకొల్పిన కార్ఖానా అక్షరములు 'కె.ఎఫ్.' అనియు, సంవత్సరపు అంకెలును ఇత్తడి గొట్టములమీద తరచుగా నుండును. అవి గొట్టముయొక్క వయస్సు. గొట్టము కాల్చినవాని కాళ్లవద్ద పడును. గుండు వందల గజముల ఆవల పడును. ఆ రెండింటికి పెండ్లి చేయుట మన పని గాదు.

గాడుల మెలిక ఏ వైపునకు తిరిగినదన్నది .303 కాలమున మిక్కిలి పనికివచ్చును. లీ-ఎన్‌ఫీల్డుకు అయిదు గాడులు, ఎడమమెలిక. లీ-మెట్‌ఫర్డుకు ఏడు, అవియు ఎడమవే. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఈషాపూరు కార్ఖానాలో .303 రైఫిళ్లనే గాడులు లేని .410 గొట్టములు గలవానిగా మార్చి పోలీసులకు, కావలివారికి ఇచ్చిరి. సైన్యపు .303 తూటా అందులో పట్టదు. వారి తూటా సైన్యమునకు పనికిరాదు. 1858 నాటి నున్నగొట్టపు ఎన్‌ఫీల్డు అరువది యేండ్లకు మరల పుట్టినదన్నమాట.

1962 చీనా యుద్ధమున మన జవానులు ఎక్కువగా పట్టినది .303 రైఫిలే, ఆ తరువాత దాని స్థానమున 7.62 మిల్లీమీటర్ల స్వయంచాలిత రైఫిలు వచ్చినది. దానికి ఆరు గాడులు, కుడిమెలిక. పిల్లవాని డబ్బాలో కుడిమెలిక గుండ్లు మూడు దొరకినవి. మూడును క్రొత్త రైఫిలువే యని అతడు వేరు చేసి పెట్టెను. కుడిమెలిక చూచి తొందరపడరాదు; .303 గుండునే కాల్చు బ్రెన్ మరతుపాకికిని ఆరు గాడులు, కుడిమెలికయే. వ్యాసములో తేడా మిల్లీమీటరులో పదవవంతు. వంగిన గుండుమీద కాలిపర్ దానిని చెప్పలేదు. మరల కంసాలి త్రాసు తెప్పించితిమి. రెండు తొమ్మిదిన్నర గ్రాములకు లోపు తూగినవి. మూడవది పదకొండు దాటినది. అది బ్రెన్ గుండు. దానికి వేరే చీటీ వ్రాయుటకు కుఱ్ఱవాడు అప్పటికే కాగితము కత్తిరించుచుండెను.